పోపు, తాలింపు, తిరగమోత

పప్పు ఉడికి, ఉప్పూ పులుపూ పడ్డాక కూడా ఇంకో పని మిగిలే ఉంటుంది. నూనె కాగాలి, ఆవాలు చిటపటలాడాలి, ఎండుమిరపకాయ రంగు తిరగాలి, కరివేపాకు చుయ్యిమనాలి. ఆ ఆఖరి పనికి తెలుగులో మూడు మాటలున్నాయి: పోపు, తాలింపు, తిరగమోత. ఏ ఇంట్లో ఏ మాట వాడినా పొయ్యి మీద జరిగేది దాదాపు ఒకటే. కానీ మూడు మాటలూ మూడు దారుల్లో వచ్చాయి. వాటిని విప్పి చూస్తే వంటకు పనికొచ్చే సంగతులు కూడా బయటపడతాయి.

తాలింపుతో మొదలుపెడదాం. చెల్లించు నుంచి చెల్లింపు, సవరించు నుంచి సవరింపు వచ్చినట్టే తాలించు నుంచి తాలింపు వచ్చింది. తాళించు, తాళింపు అని ‘ళ’తో రాసేవాళ్లూ ఉన్నారు, అది తప్పు కాదు. తమిళంలో ఇదే పనికి తాళిత్తల్ అంటారు, మలయాళంలో తాళిక్కుక, కన్నడంలో తాళిసు. దక్షిణాది భాషలన్నిటా ఒకే పోలికతో కనిపిస్తోంది కాబట్టి ఇది బయటి నుంచి వచ్చిన మాట కాదు, పాత ద్రావిడ సొత్తు. ‘సహించు’ అనే అర్థమున్న తాళు క్రియతోనూ, మెడలో కట్టే తాళితోనూ దీన్ని ముడిపెట్టనక్కర్లేదు.

పోపు సంగతి ఇంకా బాగుంటుంది. కాయు నుంచి కాత వచ్చింది, కాపు కూడా వచ్చింది. మేయు నుంచి మేత, మేపు వచ్చాయి. ఆ వరసలోనే పోయు పక్కన పోత, పోపు పెట్టి చూడండి, అచ్చు అతికినట్టు కుదురుతుంది. అంటే ఈ మాటలో ఆవాలు లేవు, మిరపకాయలు లేవు, ఉన్నదల్లా పోయడం. కాగిన నూనెను వంటకంలో పోయడమో, వంటకాన్నే కాగిన నూనెలో పోయడమో.

తిరగమోత దగ్గరకు వస్తే ఈ పోయడం మళ్లీ ఎదురవుతుంది. తిరగబోత అనే రూపం ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది. తిరుగ, పడు కలిస్తే తిరగబడు అయినట్టు, తిరుగ, పోత కలిస్తే తిరగబోత. బ కాస్తా మ అయ్యి తిరగమోత, తిరగమాత అనే రూపాలు వచ్చాయి. చివర ‘మోత’ ఉంది కదా, ఆవాల చప్పుడును బట్టి పెట్టిన పేరేమో అనిపించడం సహజమే. తిరగబోత రూపాన్ని గమనిస్తే ఆ ఊహ నిలబడదు.

పోపును మరాఠీలో ఫోడణీ అంటారు, ఆ మాటకు మాత్రం బద్దలవడమే మూలం. తడ్కా కూడా తడతడ పేలడాన్ని చెప్పే మాటే. హిందీలో బఘార్, గుజరాతీలో వఘార్ అనేవి సంస్కృత ‘వ్యాఘారణ’ నుంచి దిగాయి. నెయ్యి చిలకరించడం దాని అర్థం. ఈ బఘారే దక్కనీ ఉర్దూలో బగారా అయ్యి తెలంగాణ వంటిళ్లలోకి వచ్చింది. బగార అన్నంలో పోపు చివర పడదు. గిన్నెలో నూనె వేడిచేసి చెక్క, లవంగం, ఏలకులు, షాజీరా, ఉల్లిపాయ వేయించి, అదే గిన్నెలో నీళ్లు పోసి మరిగాక బియ్యం వేస్తారు. పోపు ముందు, వంట తర్వాత.

మన మూడు మాటల్లో ఏది ఎక్కడ వాడతారో గీత గీసి చెప్పడం కష్టం, పెళ్లిళ్లతో వంటలతోపాటు మాటలు కూడా ఊళ్లు మారతాయి. అయినా పోపు తెలంగాణలోనూ కోస్తాలోనూ బాగా వినిపిస్తుంది. తిరగమోత కోస్తా జిల్లాల్లో ఎక్కువ. తాలింపు అన్నిచోట్లా అర్థమవుతుంది గానీ రాయలసీమలో దానికి ఇంకో అర్థం కూడా ఉంది: గోరుచిక్కుడు తాలింపు, అలసంద తాలింపు అంటే అక్కడ పొడిగా చేసిన కూర. ఈ తేడా తెలియకపోతే వంట వీడియోలు చూసేటప్పుడు తికమక తప్పదు. వంకాయ తాలింపు అని పేరుంటే అది వంకాయ పప్పుకు పెట్టే పోపు కాదు, కూర మొత్తం అదే. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున పెడితే పోపన్నం అనో తాలింపన్నం అనో అంటారు.

క్రియల విషయంలో పేచీ లేదు. పోపు పెట్టినా, పోపు వేసినా ఒకటే. పోపు వేగింది, పోపు మాడింది అని కూడా అంటాం. ఇక్కడ పోపు అంటే పనికి బదులు పదార్థం అయిపోయింది. పోపు గింజలు, తాలింపు గింజలు, పోపు సామాను అన్నప్పుడు డబ్బాలో ఉన్న పచ్చి దినుసులు. ‘పోపులు’ అని విడిగా బహువచనం వాడటం అరుదు గానీ పోపుల పెట్టె, పోపుల డబ్బా అనే మాటల్లో మాత్రం ఆ ‘ల’ స్థిరపడిపోయింది.

పోపు పెట్టడం వేరు, ఆవ పెట్టడం వేరు. ఈ తేడా ఇప్పుడు చాలామందికి తెలియకుండా పోతోంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూరలోనో, అరటికాయ కూరలోనో పచ్చి ఆవాలు నూరిన ముద్ద కలుపుతారు. ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు అందులోని ఒక ఎంజైము పనిచేసి ముక్కుకు తగిలే ఆ ఘాటును పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే పోపులో వేగిన ఆవాలు ఘాటుగా ఉండవు, కమ్మగా ఉంటాయి. ఆవ ముద్దను మాత్రం పొయ్యి కట్టేసి, కూర వేడి కొంచెం తగ్గాకే కలపాలి. ఉడుకుతున్న కూరలో వేస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది.

ఇక పోయడమే ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఇంగువ, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకుల్లో వాసననిచ్చేవి ఎక్కువగా నూనెలో కరిగేవే, నీళ్లలో అంతగా కరగవు. జీలకర్రను పప్పుతోపాటు నీళ్లలో ఉడికిస్తే వచ్చే రుచి వేరు, నూనెలో వేగితే వచ్చే వాసన వేరు. వేడి నూనె ఆ వాసనను లాక్కుని వంటకమంతా పరుస్తుంది. కాబట్టి పోపులో అసలు సరుకు నూనే. వేగిన గింజలన్నీ తీసి పారేసి ఆ నూనె ఒక్కటే పప్పులో పోసినా అది పోపు పెట్టిన పప్పే అవుతుంది. గింజలు బాగా వేగి నూనె గరిటెకే అంటుకుని మిగిలిపోతే మాత్రం పోపు సగం పోయినట్టే. దీనికి విరుగుడు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది: పోపు పోసేశాక అదే గరిటెను పప్పులో ఒకసారి ముంచి, ఆ పప్పును అందులో తిప్పి మళ్లీ గిన్నెలో పోయడం. తిరగబోత అన్న మాటకు ఇంతకంటే తగిన పని ఇంకోటి కనపడదు.

ఒక కప్పు కందిపప్పు, అంటే సుమారు 200 గ్రాములు, నలుగురికి వండినప్పుడు పోపుకు ఈ కొలత సరిపోతుంది. నూనె గానీ నెయ్యి గానీ ఒకటిన్నర పెద్ద చెంచా, మినప్పప్పు ఒక చిన్న చెంచా, ఆవాలు అర చిన్న చెంచా, జీలకర్ర అర చిన్న చెంచా, మెంతులు పది పన్నెండు గింజలు, ఎండుమిరపకాయలు రెండు మూడు, ఇంగువ రెండు చిటికెలు, కరివేపాకు ఒక రెమ్మ. వెల్లుల్లి వేసేటట్టయితే నాలుగైదు రెబ్బలు చితక్కొట్టి వేసి ఇంగువ తగ్గించండి, లేదా మానేయండి. రెండూ గట్టి వాసనలే, ఒకదాన్నొకటి మింగేస్తాయి. చారుకు ఇందులో సగం చాలు, నెయ్యి అయితే రెండు చిన్న చెంచాలు, మినప్పప్పు అక్కర్లేదు. పులిహోరకు మాత్రం చేయి ధారాళంగా ఉండాలి. రెండు కప్పుల బియ్యానికి మూడు నాలుగు పెద్ద చెంచాల నూనె పడుతుంది, ఎందుకంటే ఆ నూనె ప్రతి మెతుకునూ తాకాలి.

వరస గురించి వాదనలు చాలా ఉన్నాయి గానీ సూత్రం ఒక్కటే: ఆలస్యంగా వేగేవి ముందు, తొందరగా మాడేవి వెనక. వేరుశనగ గుళ్లు ఉంటే అవి అన్నిటికన్నా ముందు, సన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు. తర్వాత శనగపప్పు, దాని వెనకే మినప్పప్పు. అవి లేత బంగారు రంగుకు తిరగగానే మెంతులు, ఆవాలు. ఆవాలు చిటపట మొదలుపెట్టాక జీలకర్ర, ఎండుమిరప. మిరపకాయ ఉబ్బి రంగు ముదరగానే పొయ్యి కట్టేయాలి. ఇంగువ, కరివేపాకు ఆ మిగిలిన వేడికే వేగిపోతాయి. పసుపు, కారం పొడి పోపులో వేసే అలవాటుంటే అవీ పొయ్యి కట్టాకే వేసి వెంటనే పోసేయాలి. పొడులు వేడి నూనెలో కొన్ని సెకన్లలోనే నల్లబడతాయి.

నూనె కాగిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క ఆవగింజ వేసి చూడండి. రెండు మూడు సెకన్లలో చిటుక్కుమంటే సరైన వేడి. అడుగున ఊరికే కూర్చుంటే ఇంకా కాగలేదు. పడీ పడగానే నల్లగా మారితే మితిమీరింది, పొయ్యి మీద నుంచి దించి అర నిమిషం ఆగాలి. గింజలోని తేమ ఆవిరై, ఆ ఒత్తిడికి పైపొర పగలడమే చిటపట. కాగని నూనెలో ఆ తేమ నెమ్మదిగా బయటికి పోతుంది, గింజ పేలదు, పంటి కిందకు వచ్చినప్పుడు చేదు తగులుతుంది. పేలని ఆవాలతో ఉన్న పోపు పప్పుకు మేలు చేయదు.

మెంతులది ఇంకో తీరు. లేత ఎరుపు దాటి ముదురు గోధుమ రంగులోకి వెళ్తే విపరీతమైన చేదు. ‘పోపు చేదొచ్చింది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇవే. ఒకసారి మాడిన మెంతుల చేదు నూనెలోకి దిగిపోయాక ఏం కలిపినా పోదు. ఉప్పూ పులుపూ పెంచి సరిచేయాలని చూడకండి, నూనెతో సహా పారబోసి గరిటె తుడిచి మళ్లీ పెట్టుకోవడమే మార్గం. రెండు చెంచాల నూనె పోతుందని చూసుకుంటే గిన్నెడు పప్పు పోతుంది.

జీలకర్ర పది సెకన్లలో వేగిపోతుంది, ఆవాలతో కలిపి ఒకేసారి వేస్తే ఆవాలు పేలేలోగా అది మాడుతుంది. రెండిటినీ ఒకే గిన్నెలో కలిపి పెట్టుకునే అలవాటు తొందర పనికి బాగానే ఉంటుంది గానీ నా మాటగా చెబితే విడిగా ఉంచుకోవడమే మంచిది. ఎండుమిరపను ఎక్కువ ముక్కలుగా తుంచితే గింజలు రాలి, అవి మాడి ఇల్లంతా కోరు వస్తుంది, దగ్గు తెస్తుంది. కారం దిగాలంటే రెండుగా తుంచి గింజలు దులిపి వేయండి. వాసన మాత్రమే చాలనుకుంటే తొడిమతో నిండుగా వేయండి.

మిరపకాయ లేని పోపును ఇప్పుడు ఊహించలేం గానీ అది ఈ నేల పంట కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో మన తీరానికి చేరింది. అంతకుముందు కారానికి దిక్కు మిరియమే. మిరప, మిరియం అనే పేర్లలో ఆ చుట్టరికం వినిపిస్తూనే ఉంది. కరివేపాకు మాత్రం ఇక్కడిదే. పేరులో వేప ఉంది కానీ అది వేప కుటుంబం కాదు, నిమ్మ, నారింజల కుటుంబం.

కరివేపాకు కడిగిన వెంటనే నూనెలో వేస్తే చిమ్ముతుంది, చేతులు కాలేది ఎక్కువగా ఇక్కడే. గుడ్డతో అద్ది తడి తీసి, గరిటెను శరీరానికి దూరంగా వంచి వేయాలి. ఒకవేళ నూనెకు నిప్పంటుకుంటే నీళ్లు చల్లకూడదు, మంట ఎగసిపడుతుంది. పొయ్యి కట్టేసి మూత పెడితే గాలి అందక ఆరిపోతుంది.

పాత్ర కూడా ముఖ్యమే. వెడల్పాటి బాణలిలో ఒక చెంచా నూనె పోస్తే పల్చగా పరచుకుపోతుంది, గింజలు నూనెలో మునగవు, అడుగున అంటుకుని మాడతాయి. చిన్న పోపు గరిటె అందుకే. అది లేకపోతే బాణలిని ఒక పక్కకు వంచి నూనె ఒక మూలకు చేరేలా పట్టుకుని ఆ మూలలోనే వేయించండి. ఇనుప గరిటె వేడిని పట్టి ఉంచుతుంది, పొయ్యి కట్టాక కూడా పోపు వేగుతూనే ఉంటుంది. కావాల్సిన రంగుకు ఒక్క మెట్టు ముందే కట్టేసి వెంటనే పోసేయాలి. పోశాక గిన్నె మీద మూత వేసి రెండు నిమిషాలు కదపకండి. పైకి లేచే ఆవిరితో వాసన కూడా పోతుంది, మూత దాన్ని ఆపుతుంది.

పెరుగు పచ్చడికి ఈ తొందర పనికిరాదు. మరిగే పోపు పెరుగులో పడితే విరిగినట్టు అవుతుంది. వేలు పెట్టగలిగేంత చల్లారాక కలపాలి. రోటి పచ్చళ్లకు పోపు గింజలు కరకరలాడాలంటే తినేముందే పెట్టుకోవాలి, గంట గడిస్తే మినప్పప్పు మెత్తబడుతుంది. ఊరగాయల్లో పోపు నూనె పూర్తిగా చల్లారకుండా కలిపితే కారం రంగు మారుతుంది, వెల్లుల్లి ఉడికినట్టవుతుంది.

ఇంగువకు విడిగా కొంత చోటివ్వాలి. హింగు అనే సంస్కృత మాటే మన నోట ఇంగువ అయింది. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతాల్లో పెరిగే ఒక మొక్క వేరుకు గాటు పెడితే కారే పాలు గట్టిపడితే వచ్చే జిగురు ఇది. మనం ఇంత వాడుతున్నా చాలాకాలం ఇక్కడ పండించింది లేదు. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 2020లో మొదటిసారి మొక్కలు నాటారు. డబ్బాల్లో దొరికే పొడి ఇంగువ అచ్చమైనది కాదు, పిండి, జిగురు కలిపిన మిశ్రమం. అందులో తరచూ గోధుమ పిండి ఉంటుంది, గోధుమ పడనివాళ్లు డబ్బా మీద చదివి చూసుకోవాలి. ముద్ద ఇంగువ అయితే కందిగింజలో సగం చాలు, నూనె వెచ్చబడగానే మొదటే వేస్తే పొంగి కరుగుతుంది. లేదా వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు చారులో పోసుకోవచ్చు. పూర్వం ముద్దను గుడ్డలో కట్టి దాచేవారు, ఇంగువ అయిపోయినా గుడ్డకు వాసన పోదు. వైభవం పోయినా ఆ ఛాయ మిగిలిన మనిషిని ‘ఇంగువ కట్టిన గుడ్డ’ అంటారు. కూరలో కరివేపాకులా తీసిపారేశారు అనడం కూడా వంటింటి నుంచి వచ్చిన మాటే.

ఆ వాసన వల్లే ఇంగువను పోపుల డబ్బాలో పెట్టరు. పెడితే వారం తిరిగేసరికి మినప్పప్పు కూడా ఇంగువ వాసనే వేస్తుంది. మామూలు డబ్బాలో ఏడు గిన్నెలుంటాయి: ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరప, పసుపు. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నింపండి, జీలకర్ర వాసన త్వరగా తగ్గుతుంది. డబ్బా పొయ్యి పక్కన కాకుండా వేడి తగలని చోట ఉండాలి. చెంచా తడిగా పెట్టకూడదు, తడి తగిలితే పసుపు, మెంతులు గడ్డకడతాయి. కొత్తగా నింపేముందు పాత గింజలు పూర్తిగా వాడేసి, గిన్నెలు కడిగి ఎండలో ఆరబెట్టండి. పాతవాటి మీద కొత్తవి పోస్తూ పోతే అడుగున మిగిలిన ముక్కిపోయిన గింజలు ఎప్పటికీ అడుగునే ఉంటాయి, పురుగు మొదలయ్యేది అక్కడే.